మింగడం ఒక ఎత్తు, అరిగించుకోవడం మరో ఎత్తు

ప్రశ్న: కొండచిలువ దవడ ఊడదీసుకుని మేకను మింగుతుందంటారు, నిజమేనా? మా ఊళ్లో జనం పోగయ్యేసరికి మింగిన మేకపిల్లను కక్కేసి పోయింది. ఎందుకలా? (మదనపల్లె పాఠకుడు)

జవాబు: దవడ ఊడదు. మనకు కింది దవడ గడ్డం దగ్గర ఒకటిగా అతుక్కుని ఉంటుంది. పాముకు అక్కడ రబ్బరులా సాగే బంధనమే ఉంటుంది కాబట్టి రెండు ఎముకలూ పక్కలకు విడిపోతాయి. పళ్లు గొంతువైపు వంగి ఉంటాయి. ఓ పక్క దవడ ముందుకు జరిపి పళ్లు దింపుతుంది, తర్వాత రెండో పక్క. దిండుకు గలీబు తొడిగినట్టు, ఎర మీదికి తనే పాకుతుందన్నమాట. సాధారణంగా తలవైపు నుంచే మొదలుపెడుతుంది. అప్పుడే కాళ్లు, వెంట్రుకలు అడ్డం తిరక్కుండా వెనక్కి ఒరుగుతాయి. నోరు నిండిపోయినా శ్వాసనాళం మూతిని బయటికి చాపి ఊపిరి తీసుకుంటుంది.

అసలు కష్టం ఆ తర్వాత. ఖాళీగా ఉన్నప్పుడు దాని కడుపులో ఆమ్లం దాదాపు ఉండదు. మన కొండచిలువకు దగ్గరి చుట్టమైన బర్మా కొండచిలువలో, మేత పడిన ఒక రోజులోనే కడుపులో పీహెచ్ (ఆమ్లం ఘాటు కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటెక్కువ) 7 నుంచి 2 దాకా దిగుతుంది. చిన్నపేగు బరువు దాదాపు రెట్టింపవుతుంది. పని అయ్యాక మళ్లీ కుంచించుకుపోతుంది. ఎముకలు కూడా కరుగుతాయి. వెంట్రుకలు, గిట్టలు మాత్రం అరక్క మలంతో వచ్చేస్తాయి.

ఇదంతా ఒంట్లో వేడి ఉంటేనే. 30 డిగ్రీల దగ్గర అరుగుదల చురుగ్గా సాగుతుంది. చలి ముదిరితే ఆమ్లం లోపలికి ఇంకేలోపే మాంసం కుళ్లి గ్యాసు పడుతుంది, కక్కక తప్పదు. మీ ఊళ్లో కారణం వేరు: అంత బరువుతో పారిపోలేక దించేసుకుంది. మేకా దక్కలేదు, పాము ఆకలీ తీరలేదు! ఈసారి కనిపిస్తే దూరంగా నిలబడి, కర్రతో కదపకుండా అటవీశాఖకు ఫోన్ చేయండి. 1972 వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా, అంటే మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది.

ప్రశ్న: మా బడి పాత గదిలో గుడ్లగూబ వాలే చోట బొచ్చు ఉండలు పడుతున్నాయి. పిల్లలకు విప్పి చూపించవచ్చా? (ఒక ఉపాధ్యాయిని, జగిత్యాల)

జవాబు: భేషుగ్గా చూపించవచ్చు. అవి రెట్టలు కావు, నోటి నుంచి వచ్చినవి. ఎలుకను గుడ్లగూబ మామూలుగా ముక్క చేయకుండానే మింగుతుంది. కోడి కందనకాయ గింజలు నూరుతుంది, గుడ్లగూబది వడగడుతుంది. మాంసం కరిగి పేగుల్లోకి దిగితే, బొచ్చు, ఎముకలు ఉండకట్టి పైకి వస్తాయి. గద్దల కడుపులోని ఆమ్లం ఇంకా ఘాటు, అందుకే వాటి ఉండల్లో ఎముకలు అంతగా దొరకవు.

ముందు ఉండను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి 160 డిగ్రీల ఓవెన్‌లో 40 నిమిషాలు ఉంచండి. పొడిగా విరిస్తే దుమ్ము ముక్కులోకి పోతుంది. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పట్టకారుతో విడదీయండి. పుర్రెలో ముందు ఉలిపళ్లు, వాటి వెనక ఖాళీ కనిపిస్తే ఎలుక. ఖాళీ లేకుండా వరసగా తెల్లటి మొనపళ్లుంటే కంపు చుంచు.

ప్రశ్న: సాలీడు ఈగను నమిలి తింటుందా? (విజయనగరం పాఠకురాలు)

జవాబు: ఘన పదార్థం మింగదు. ఎర మీద జీర్ణరసం కక్కి, కరిగిన జావను పంపులాంటి పొట్టతో పీల్చుకుంటుంది. కోరల మొదట్లో పళ్లున్న జాతులు ఈగను నలిపి ముద్ద చేసి వదిలేస్తాయి; పళ్లు లేనివి చిన్న చిల్లు లోంచి పీలుస్తాయి కాబట్టి డొల్ల చెక్కుచెదరదు.