బాత్రూమ్ ద్వారబంధం అడుగున మెత్తబడితే

బాత్రూమ్ ద్వారబంధం అడుగున లప్పం పెట్టి రంగేసినా రెండు నెలలకే పెచ్చులూడిందన్నారు కదండీ. తప్పు రంగుది కాదు, లోపల తడి ఆరలేదు. పైగా గోడకు వాడే లప్పం చెక్కకు పనికిరాదు. చెక్క ఉబ్బి కుంచించుకున్నప్పుడల్లా అది పగులుతుంది.

స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. సులువుగా దిగిన చోటల్లా ఉలితో గట్టి చెక్క తగిలేదాకా తీసేయండి. ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరనివ్వండి, తొందరపడొద్దు. ఎపాక్సీ లప్పం రెండు ముద్దలుగా వస్తుంది, కలిపితేనే గట్టిపడుతుంది; రెండూ సమానంగా తీసుకుని, ఒకే రంగు వచ్చేదాకా పిసికి నింపండి. మర్నాడు 120, తర్వాత 180 నంబరు ఎమెరీ కాగితంతో (గరుకు కాగితం) రుద్దండి. వుడ్ ప్రైమర్ (రంగుకు ముందు చెక్కకు వేసే పూత) ఒక కోటు, ఎనామిల్ రంగు రెండు కోట్లు, ఒక్కో కోటుకీ మధ్య ఒక రాత్రి విరామం.

నేలను తాకే కొసకు ప్రైమర్ తప్పనిసరి. నీళ్లు పీల్చేది అక్కడే.