పని చెప్పి కొన్నారా, పేరు చెప్పి కొన్నారా?

ప్రశ్న: లాయరు గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వడ్రంగి పని చేస్తాను, సాయానికి ఒక కుర్రాడు ఉంటాడు. సింహద్వారం పని ఒకటి వస్తే, రెక్కల అంచులకు డిజైన్ కొట్టడానికి భీమవరంలో ఒక షాపులో పెద్ద రూటర్, బిట్ల పెట్టె కలిపి రూ.14,400 పెట్టి కొన్నాను. ఫలానా పని, టేకు మీద, మీరే చూసి ఇవ్వండి అని అడిగే తీసుకున్నాను. ఇంటికి తెచ్చాక బిట్ ఎంత బిగించినా జారుతోంది. ఫోన్ చేస్తే షాపు కుర్రాడు "రేకు ముక్క చుట్టి బిగించు బాబాయ్" అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. అలాగే చేశాను. మిషన్ నడుస్తుండగా బిట్ కిందికి దిగిపోయి రెక్కలో గుంట పడింది. ఆ టేకు ఇంటివారిది. షాపుకు వెళ్తే బిల్లు మీద ముద్ర చూపించారు: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". పైగా నీకు వాడటం రాదన్నారు. కేసు వేస్తే నిలుస్తుందా? అసలు రూటర్ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: నిలుస్తుంది. కాకపోతే "మిషన్ పాడైనది ఇచ్చారు" అని వేస్తే మాత్రం నిలవదు. మీరు పంపిన ఫొటోలు చూశాను. రూటర్ కోలెట్ (బిట్‌ను పట్టి బిగించే భాగం) మీద 12.7 అని ఉంది, అంటే 12.7 మి.మీ., అర అంగుళం. బిట్ల పెట్టె మీద కాడ, అంటే కోలెట్‌లోకి దూరే భాగం, 12 మి.మీ. అని ఉంది. మిషన్ మంచిదే, బిట్లూ మంచివే, ఒకదానికొకటి పొసగవు. షాపుల్లో రెండింటినీ "హాఫ్ ఇంచ్" అనేసి చేతిలో పెడుతుంటారు. ఆ 0.7 మిల్లీమీటరు తేడా చాలు, నిమిషానికి వేల చుట్లు తిరిగే బిట్ జారిపోవడానికి. ట్రిమ్మర్లలో, అంటే ఒంటిచేత్తో పట్టుకునే చిన్న రూటర్లలో, పావు అంగుళానికీ 6 మి.మీ.కీ ఇదే పేచీ.

కాబట్టి మీ కేసు బలమంతా మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఒక్క మాటలో ఉంది: "మీరే చూసి ఇవ్వండి". 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ అవసరానికి పనికొచ్చి తీరాలి. బిల్లు మీద రాయకపోయినా అది అమ్మకంలో షరతే. అదే మీరు వెళ్లి ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ కావాలని పేరు పెట్టి అడిగి ఉంటే, ఈ రక్షణ చాలావరకు పోతుంది. పేరు చెప్పి కొన్నవాడు తన తెలివిని నమ్ముకున్నాడు తప్ప షాపును నమ్ముకోలేదని చట్టం లెక్క. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా, అమ్మేవాడు చెప్పిన దానికి తగ్గట్టు సరుకు లేకపోతే దాన్ని లోపమనే అంటుంది.

ముద్ర చూసి భయపడకండి. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం అదే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. రబ్బరు స్టాంపు చట్టాన్ని కొట్టేయలేదు. నచ్చలేదనో, మనసు మారిందనో తెచ్చిన సరుకు విషయంలో అయితే ఆ ముద్రకు కొంత విలువ ఉంటుంది, మీది అది కాదు.

"వడ్రంగి పనికి కొన్నాడు కాబట్టి వ్యాపారం, వినియోగదారుడు కాడు" అని అవతలి లాయరు తప్పకుండా అంటారు. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువును చట్టం వ్యాపారం కింద లెక్కించదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, తానే నడుపుకుని బతకడానికి లేత్ మిషన్ కొన్నవాడూ వినియోగదారుడేనని చెప్పింది, ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఆ హక్కు పోదంది. మీ కుర్రాడి వల్ల మీకు నష్టం లేదు. పది మందిని పెట్టి వర్క్‌షాపు నడిపేవారి సంగతి వేరు.

ఇక ఇబ్బంది పెట్టేది రేకు ముక్క. ప్రమాదం జరిగేటప్పటికి వస్తువును సరిగ్గా వాడకపోయినా, మార్చి వాడినా, దానివల్ల జరిగిన నష్టానికి అమ్మినవాడి మీద ఉత్పత్తి బాధ్యత (వస్తువు వల్ల జరిగిన నష్టానికి పరిహారం) కింద దావా కుదరదని 2019 చట్టం 87వ సెక్షన్ అంటుంది. కాడకు రేకు చుట్టడం కచ్చితంగా మార్చడమే. అది మీ అంతట మీరు చేసి ఉంటే టేకు రెక్క సంగతి మర్చిపొమ్మనేవాణ్ణి. కానీ అలా చేయమన్నది షాపు మనిషి, అదీ తన గొంతుతో. ఆ వాయిస్ మెసేజ్ మీకు బిల్లు కంటే ఎక్కువ. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి, ఆ ఫోన్‌లోనే ఉంచి ఇంకో కాపీ తీసి పెట్టుకోండి.

ఏమొస్తుందో కూడా ముందే చెబుతాను. బిట్ల డబ్బు వెనక్కో, సరిపడే బిట్లో రావడానికి అవకాశం బాగా ఉంది. రెక్క ఖరీదు, రుజువు ఉంటే అడగవచ్చు, వాయిస్ మెసేజ్ వల్ల వాదించడానికి దారి ఉంది. పోయిన రోజుల కూలి, తప్పిన ముహూర్తం లాంటివి పెద్దగా ఆశించకండి. రూటర్‌నే వాపసు ఇస్తానంటే మాత్రం కేసు పలచబడుతుంది. దానికి తగిన బిట్లు వేస్తే అది నడుస్తుందిగా.

ముందు షాపుకు రెండు పేజీలు మించకుండా నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు ఇవ్వండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే చోటే వేసుకోవచ్చు, షాపు ఉన్న ఊరికే పోనక్కర్లేదు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఈలోపు ఆ బిట్లు మళ్లీ వాడకండి. వాడుతూ పోతే సరుకును ఒప్పుకున్నట్టే అంటారు.

కొనేటప్పుడు ఏం చూడాలన్నారు. కంపెనీ పేరు కంటే ముందు కోలెట్ కొలత, బిట్ కాడ కొలత చూడండి, రెండూ ఒకే అంకె కావాలి. షాపులోనే ప్లగ్ తీసి ఉన్న మిషన్‌లో బిట్ పెట్టి బిగించి చూపించమనండి. అంచులు గుండ్రం చేయడం, లామినేట్ కత్తిరించడం వరకే అయితే ట్రిమ్మర్ చాలు. ద్వారబంధానికి లోతు గాడి, రెక్కలకు వెడల్పాటి మోల్డింగ్ కొట్టాలంటే అర అంగుళం కోలెట్ ఉన్న ప్లంజ్ రూటర్ (బిట్‌ను పైనుంచి చెక్కలోకి దించే రకం), స్పీడ్ తగ్గించుకునే డయల్ ఉన్నది తీసుకోండి. పెద్ద బిట్‌ను పూర్తి స్పీడ్‌లో తిప్పకూడదు, బిట్ మీద గరిష్ఠ స్పీడ్ రాసి ఉంటే దాన్ని దాటకండి. ఆ తర్వాత మీ పని ఏమిటో బిల్లు మీద రాయించండి: "టేకు తలుపుల మోల్డింగ్‌కు, 12.7 కోలెట్, 12.7 బిట్లు". షాపువాడు రాయనంటే ఇంకో షాపు చూసుకోండి. బిల్లే ఇవ్వననడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే, జీఎస్టీ తగ్గిస్తానన్న ఆశకు పోయి కచ్చా చీటీతో రాకండి.

టేకు రెక్క విషయంలో ఇంటివారికి మీరే జవాబుదారీ, షాపు కేసు తేలేదాకా ఆగమనలేరు. వారికి కట్టే డబ్బుకు సంతకంతో రసీదు తీసుకోండి, పాడైన రెక్కను మాత్రం పొయ్యిలో పెట్టనివ్వకండి. కమిషన్ ముందు నష్టానికి రుజువు అవే.