సరుకు సందేహాలు: పెట్టెలో గాలికీ కిరాయి కడుతున్నారు

రావులపాలెంలోనూ రాజమండ్రిలోనూ పార్సిల్ ఆఫీసుల్లో ముప్పై ఏళ్లు ఎల్.ఆర్.లు (సరుకు బుక్ చేసినప్పుడు ఇచ్చే లారీ రసీదులు) రాసి రిటైరయ్యాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబులు ఇస్తున్నాను. మొదటి జవాబు పెద్దదైంది. అదే ఇబ్బంది మన గోదావరి జిల్లాల్లో ఎంతోమందికి ఉంది మరి.

ప్రశ్న: నమస్కారమండి. మాది ఆత్రేయపురం. నలుగురు ఆడవాళ్లం కలిసి పూతరేకులు చేసి హైదరాబాద్‌లో రెండు స్వీటు షాపులకు పంపుతున్నాం. వారంలో మూడు రోజులు, ఒక్కో షాపుకు మూడేసి, ఒక్కోసారి నాలుగేసి పెట్టెలు. వారం మొత్తానికి ఇరవై. కాటా మీద పెట్టె 7 కిలోలే తూగుతుంది. బిల్లులో మాత్రం 14 కిలోల పైచిలుకు వేస్తున్నారు. కిరాయి కిలోకి 12 రూపాయలు, ఎల్.ఆర్.కి 100, ఎంత తక్కువ పంపినా 40 కిలోలకు కట్టాలట. ఇంతా కట్టినా పెట్టెలు నలిగిపోతున్నాయి. మమ్మల్ని మోసం చేస్తున్నారా? పెట్టె ఫొటో, కొలతలు పంపుతున్నాం.

జవాబు: మోసం కాదమ్మా. లారీకి రెండు హద్దులుంటాయి. ఒకటి అది మోయగల బరువు, రెండోది అందులో ఉన్న చోటు. పూతరేకులు బరువు తక్కువ, చోటు ఎక్కువ. అందుకే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఒక అంకెతో భాగిస్తారు. అలా వచ్చిన బరువు, కాటా బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి. భాగించే అంకె అన్నిచోట్లా ఒకటి కాదు. కొందరు 4500, కొందరు 5000, కొందరు 6000 వాడతారు. కొందరు ఘనపుటడుగుకు ఇన్ని కిలోలని లెక్క కడతారు. రేటు మాట్లాడేటప్పుడు కిలోకి ఎంత అని ఒక్కటే అడిగి వచ్చేస్తాం. దేనితో భాగిస్తారో కూడా అడగాలి. కిలోకి రూపాయి తక్కువ చెప్పి, భాగించే అంకె చిన్నది పెట్టుకుంటే మీకు మిగిలేదేమీ ఉండదు.

మీ పెట్టె 45, 40, 40. గుణిస్తే 72,000. 5000తో భాగిస్తే 14.4 కిలోలు. మీ బిల్లు సరిగ్గానే ఉంది.

ఇప్పుడు ఫొటో సంగతి. దాన్ని చాలాసేపు చూశాను. డబ్బాలు మూడు వరసలు చక్కగా పేర్చారు. పైన బెత్తెడు మించిన ఖాళీ ఉంది, అందులో న్యూస్‌పేపర్లు ఉండలు చేసి కుక్కారు. మీ డబ్బు పోతున్నదీ అక్కడే, పెట్టె నలుగుతున్నదీ అక్కడే. గోడౌన్‌లో మీ పెట్టె మీద ఇంకో పెట్టె పెడతారు, దాని మీద మరోటి. లోపల డబ్బాలు పైఅట్టకు ఆని ఉంటే ఆ బరువు డబ్బాల మీదుగా కిందికి దిగుతుంది. ఖాళీ ఉంటే పైఅట్ట లోపలికి కుంగుతుంది, పక్కలు ఉబ్బుతాయి. కొలిచేవాళ్లు ఆ ఉబ్బు దగ్గరే టేపు పెడతారు, అది వాళ్ల పద్ధతి.

ఆ 10 సెంటీమీటర్లు తీసెయ్యండి. అట్టపెట్టెలు చేసేవాళ్లతో 30 ఎత్తుకు చేయించుకోండి. ఉన్న పెట్టెలు అయిపోయేదాకా నాలుగు మూలలూ 10 సెంటీమీటర్ల మేర కిందికి కోసి, స్కేలు ఆనించి మడత గీత గట్టిగా నొక్కి, మూసి టేపు వేయండి. 45, 40, 30 అంటే 54,000. భాగిస్తే 10.8 కిలోలు. పెట్టెకు 3.6 కిలోలు, అంటే 43 రూపాయల 20 పైసలు తగ్గుతుంది. ఇరవై పెట్టెలకు వారానికి 864 రూపాయలు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఇప్పటిలాగే మూడేసి పెట్టెలు పంపితే కొత్త లెక్కలో 32.4 కిలోలు అవుతుంది. మీకు కనీసం 40 కిలోలకు బిల్లు వేస్తారు కాబట్టి తగ్గించిన చోటులో చాలా భాగం మీకు దక్కదు. అందుకని పెట్టెతో పాటు రోజులు కూడా మార్చాలి. వారానికి రెండుసార్లు, షాపుకు అయిదేసి పెట్టెలు పంపండి. 54 కిలోలు, కనీసం దాటేసింది. ఎల్.ఆర్.లు ఆరు నుంచి నాలుగుకు తగ్గుతాయి, అదో 200. మొత్తం వారానికి 1,064 రూపాయలు. మీ సరుకు పదిహేను రోజులు నిలవ ఉంటుందని ఉత్తరం చివర రాశారు కదా, మూడు నాలుగు రోజుల ఎడం వల్ల షాపు వాళ్లకు ఇబ్బంది ఉండదు. ముందుగా వాళ్లతో ఒక మాట చెప్పండి.

ఆ రెండు రోజులు ఏవన్నది మీ వీలును బట్టి కాదు, లారీని బట్టి పెట్టుకోండి. హైదరాబాద్‌కు పూర్తి లోడు దొరికిన రోజు బండి నేరుగా వెళ్తుంది. లేని రోజు విజయవాడలో దింపి, వేరే బండికి ఎక్కిస్తారు. దింపిన ప్రతిసారీ హమాలీ చేతులు మారతాయి, పెట్టెకు ఒక దెబ్బ అదనం, ఒక రోజు ఆలస్యం. నేరుగా వెళ్లే బండి ఏ రోజు అని కౌంటర్లో అడగండి, చెబుతారు. నేనున్నన్నాళ్లూ అడిగినవాళ్లకి చెప్పాను. అడిగినవాళ్లు చాలా తక్కువ.

ఇంకొకటి, ఇది నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న మాట. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు ఊరందరిదీ. లొల్ల మీదుగా రావులపాలెం వచ్చే ఆటోలు మాత్రం ఎవరివి వాళ్లవే, ఒక్కో ఆటోలో నాలుగు పెట్టెలు. మీ వీధిలో చేసే నాలుగిళ్ల వాళ్లు ఒకే రోజు, ఒకే ఆటోలో తెచ్చుకుంటే ఆటో ఖర్చు పావుకు పడిపోతుంది. ఇంటికి పదేసి చొప్పున నలభై పెట్టెలు ఒక్కసారి వస్తున్నాయంటే పార్సిల్ ఆఫీసు కూడా రేటు దగ్గర మెత్తబడుతుంది. ఎల్.ఆర్.లు, బిల్లులు ఎవరివి వాళ్ల పేరునే రాయించుకోండి, రేటు మాత్రం కలిసి మాట్లాడుకోండి.

ప్రశ్న: గురువుగారూ, మాది అమలాపురం. సొంత బండి ఉంది, రెండున్నర టన్నులు మోస్తుంది. కొబ్బరిపీచు పట్టాలు వారానికి రెండుసార్లు విజయవాడ తోలుతున్నాను. బండి పైదాకా నిండినా బరువు టన్ను కూడా ఉండదు. వచ్చేటప్పుడు ఖాళీ. డీజిల్ పోగా ఏమీ మిగలడం లేదు.

జవాబు: తమ్ముడూ, నీ బండి నిండలేదు. చోటు నిండింది, బరువు మిగిలిపోయింది. దానికి బరువైన సరుకు తోడు కావాలి. అంబాజీపేటలో 15 కిలోల కొబ్బరినూనె టిన్నులు పంపే వ్యాపారితో మాట్లాడు. అరవై టిన్నులంటే 900 కిలోలు, నేల మీద ఒక్క వరస. పీచు పట్టాల చోటు అడుగున్నర ఎత్తు మాత్రమే తగ్గుతుంది, కిరాయి తెచ్చే బరువు దాదాపు రెట్టింపవుతుంది. పార్సిల్ లారీలు బతికేదే ఈ కలపడం మీద. టిన్నుల కింద పరదా పరిచి, పైన చెక్కలు వేసి, ఆ మీద పట్టాలు పేర్చు. ఒక టిన్ను కారినా పట్టాలకు అంటకూడదు. బరువంతా తలుపు వైపు పెట్టకు, నేలంతా సమానంగా పరుచు. దారిలో ముందు దింపేవి ఉంటే అవి తలుపు దగ్గర ఉండేలా అడుగు వరస నుంచే ఆలోచించుకోవాలి. లేకపోతే నాలుగు నగాల (పార్సిళ్ల) కోసం సగం బండి దింపి ఎక్కించాలి.

దారి కూడా కిలోమీటర్లు చూసి పెట్టుకోకు. రావులపాలెం మీదుగా హైవే ఎక్కితే తొందరగా వెళ్తావు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం మీదుగా వెళ్తే దారిలో ఎక్కించుకునే సరుకు దొరుకుతుంది. నీకు ఎక్కడ పార్టీలున్నాయో అదే నీ దారి.

రిటర్న్ గురించి. విజయవాడ ఆటోనగర్ నుంచి స్పేర్ పార్టులు, మందుల హోల్‌సేల్ పెట్టెలు, పుస్తకాలు, హార్డ్‌వేరు... ఇవన్నీ అమలాపురం షాపులకు రోజూ వస్తూనే ఉంటాయి. నీ చేతికి రావాలంటే నీ రోజు వాళ్లకు తెలియాలి. 'మంగళవారం, శుక్రవారం సాయంత్రం అయిదుకు బండి బయల్దేరుతుంది' అని చెప్పి, నాలుగు నగాలే దొరికినా ఆ టైముకే బయల్దేరు. రెండు నెలలు అలా నిలబడితే షాపు వాళ్లు ఆర్డరే నీ రోజును బట్టి పెడతారు. పురుగుమందులు, ఫినాయిలు మాత్రం తినే సరుకుతో ఒకే బండిలో వేయకు. ఆ వాసన పట్టిన బిస్కెట్ పెట్టెలు వెనక్కి రావడం నేను చూశాను.

పదిమంది సరుకు తీసుకుని కిరాయికి మోసే వ్యాపారానికి 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద కామన్ క్యారియర్‌గా రిజిస్ట్రేషన్ ఉండాలి. ముందు అది చేయించుకో. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం) ఉండాలి. అలాంటివి ఎక్కువైతే అన్నీ కలిపి ఒకే కన్సాలిడేటెడ్ ఈ-వే బిల్లు తీయవచ్చు, దారిలో తనిఖీ చేసినా టెన్షన్ ఉండదు. 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. బండి దారిలో ఆగిపోతే గడువు ముగియడానికి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటల్లోపు పొడిగించుకునే వీలుంది.

ప్రశ్న: మాది నరసాపురం. లేసు గుడ్డల కట్టలు మూడు పంపితే రెండే చేరాయి. కిరాయి 600 కట్టాం. పోయిన కట్ట విలువ 14,000. ఎంత వస్తుంది?

జవాబు: ముందే ఎక్కువ విలువకు రిస్కు రేటు (సరుకు పోతే ఎక్కువ బాధ్యత తీసుకోవడానికి అదనపు కిరాయి) కట్టి ఉండకపోతే, రవాణా సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. మీ 600కి 6,000 అన్నమాట. ఇక మీదట విలువైన కట్టలకు ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయించండి. ఇప్పుడైతే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది ఇవ్వకపోతే తర్వాత కోర్టుకు వెళ్లడానికి దారి ఉండదు. సరుకు తీసుకున్నవాళ్లు డెలివరీ కాగితం మీద 'మూడింట రెండే అందాయి' అని రాసి సంతకం చేశారా? రాసి ఉంటే ఆ కాపీ జత చేయండి.

నోటీసుతో పాటు ఇంకో పని చేయండి. కట్ట పోయిందనుకునే ముందు, పేరు దగ్గరగా ఉన్న ఊళ్ల గోడౌన్లలో వెతికించండి. నేను కొత్తగా చేరినప్పుడు, సంక్రాంతి రద్దీలో ఒక బట్టల బేలు మీద నేనే మార్కా, అంటే చేరాల్సిన ఊరి పేరు, రాశాను. తొందరలో 'విజయ' వరకు రాసి, మిగతాది చిన్నక్షరాల్లో కింద ఇరికించాను. వానకు ఆ కింది సిరా కరిగిపోయింది. విజయవాడ వెళ్లాల్సిన బేలు విజయనగరం వెళ్లింది. పండగ వెళ్లిన తొమ్మిదో రోజున దొరికింది, పండగకు అమ్ముకోవాల్సిన చీరలు అవి. ఆ షాపాయన నన్ను ఏమీ అనలేదు. కౌంటర్ ముందు బెంచీ మీద కూర్చుని తడిసిన గోనె విప్పుకుంటూ, ఒక్కో చీర మడత తీసి చూసుకున్నాడు. ఆ రోజు నుంచి ఊరి పేరు పూర్తిగా, పిన్ కోడుతో, బేలుకు రెండు వైపులా నీళ్లకు పోని సిరాతో రాశాను, పక్కనే '3లో 1', '3లో 2' అని నగం లెక్క కూడా వేశాను. మీ మిగతా రెండు కట్టల మీద మార్కా ఎలా ఉందో ఫొటో తీసి నోటీసుకు జత చేయండి. మూడోది వెతికేవాళ్లకు అదే ఆనవాలు.