దవడ నొప్పికి ఇంజెక్షన్ సంగతి తర్వాత.. మెట్లెక్కితే ఎందుకు లాగుతోంది?

ప్రశ్న: నా వయసు 47. గాజువాకలో ఉంటాం. ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఏడాదిగా రెండు దవడలూ నొప్పి. నిద్రలో పళ్లు పటపటా కొరుకుతున్నానని మా ఆవిడ అంటోంది, గురక కూడా ఉందట. పొద్దున లేచేసరికి బుగ్గలు బిగుసుకుపోయి ఉంటాయి. మూడో అంతస్తుకి మెట్లెక్కినా ఎడమ దవడ లాగుతుంది. నొప్పి బిళ్ల వేసుకుంటే తగ్గుతోంది, ఎనిమిది నెలలుగా రోజుకి రెండు వాడుతున్నా. బీపీకి ట్యాబ్లెట్ ఉంది. బుగ్గల్లో బొటాక్స్ ఇంజెక్షన్ చేయించుకుంటే పూర్తిగా పోతుందని తెలిసినాయన చెప్పారు. ఎంత ఖర్చవుతుంది? ఎన్నిసార్లు చేయించుకోవాలి?
- ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు అడిగింది ఇంజెక్షన్ గురించి. నా కళ్లు మాత్రం మధ్యలో మీరు మామూలుగా రాసేసిన ఆ మెట్ల ముక్క దగ్గరే ఆగిపోయాయి.

పళ్లు కొరకడం వల్ల వచ్చే నొప్పి పొద్దున లేవగానే ఎక్కువ, గట్టి పదార్థం నమిలితే ఎక్కువ, ఆవలిస్తే ఎక్కువ. మెట్లకీ దానికీ సంబంధం ఉండదు. నడిచినప్పుడో, మెట్లెక్కినప్పుడో మొదలై, కాసేపు కూర్చోగానే సర్దుకునే దవడ నొప్పి గుండెకి రక్తం చాలనప్పుడు కూడా వస్తుంది. ఛాతీలో ఏమీ తెలియకుండా దవడలోనో, మెడలోనో, చేతిలోనో మాత్రమే తెలిసేవాళ్లు ఉన్నారు. మీకు గుండె జబ్బు ఉందని నేను అనడం లేదు, చూడకుండా ఎవరూ అనకూడదు. కానీ 47 ఏళ్లు, బీపీ, గురక, రాత్రి డ్యూటీలు, వీటన్నిటి పక్కన ఆ మెట్ల నొప్పిని పెట్టి చూస్తే వదిలేసే విషయం కాదు. ఈ వారంలోనే ఫిజీషియన్‌ని గానీ కార్డియాలజిస్టుని గానీ కలవండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్ వచ్చిందని ఇంటికి వచ్చేయకండి. నొప్పి మెట్లెక్కినప్పుడే వస్తోందని వాళ్లకి విడమరిచి చెప్పండి. ట్రెడ్‌మిల్ టెస్టు కావాలా, ఎకో కావాలా అన్నది వాళ్లు చూసుకుంటారు. ఈలోగా కూర్చున్నా తగ్గని నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి. బిళ్ల వేసుకుని చూద్దామని కూర్చోవద్దు.

ఆ బిళ్లల సంగతికే వస్తున్నా. రోజుకి రెండు చొప్పున ఎనిమిది నెలలంటే 480 బిళ్లలు. పేరు రాయలేదు గానీ, మందుల షాపులో దవడ నొప్పి అంటే చేతిలో పెట్టేది ఎక్కువగా డైక్లోఫెనాకో, అసెక్లోఫెనాకో ఉన్న బిళ్ల. పోయిన నెల ఒకావిడ వచ్చారు, అనకాపల్లి వైపు నుంచి. ఏం మందులు వాడుతున్నారమ్మా అని అడిగితే చేతిలో ఉన్న కవర్ టేబుల్ మీద బోర్లించారు. పదకొండు ఖాళీ స్ట్రిప్పులు, ఒక్క చీటీ లేదు. మోకాళ్ల నొప్పులకట. ఆవిడ కాళ్ల మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. రక్త పరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3 దాటింది. ఈ రకం మందులు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం సరేసరి. ఎక్కువ కాలం వాడితే గుండెపోటు ముప్పు కూడా పెరుగుతుంది. అంటే ఏ గుండె గురించి నేను కంగారు పడుతున్నానో, దానికే ఇవి చేటు. మీ బీపీ ట్యాబ్లెట్ టెల్మిసార్టాన్ లాంటిదై, అందులో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిసి ఉంటే, నొప్పి బిళ్లతో కలిపి మూడూ కిడ్నీ మీదే పడతాయి. కాబట్టి బీపీ చూపించుకోండి, క్రియాటినిన్, యూరిన్ పరీక్ష చేయించండి. నొప్పి బిళ్ల ఇవాళే ఆపండి, బీపీ మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. నొప్పి భరించలేకపోతే ఉత్త ప్యారాసెటమాల్ ఎంత వాడొచ్చో డాక్టర్నే అడగండి. ఎనిమిది నెలల కిందటే ఎవరికైనా చూపించుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. కోపంతో కాదు, మీ మంచికే అంటున్నా.

గుండె సంగతి తేలాక ఇంజెక్షన్ మాట. బొటాక్స్ అంటే బొట్యులినం టాక్సిన్. అమెరికాలో దీనికి మొదట అనుమతి వచ్చింది 1989లో, మెల్లకన్నుకీ, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకీ. నరం నుంచి కండకి వెళ్లే సంకేతాన్ని ఇది ఆపుతుంది. బుగ్గ మీద వేళ్లు పెట్టి పళ్లు బిగించండి, గట్టిగా ఉబికి వచ్చేదే మాసెటర్ కండ, సూది పడేది అందులోనే. కొద్ది రోజుల్లో పని మొదలై రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. కావాలంటే మళ్లీ చేయించుకోవాల్సిందే. పళ్లు కొరకమని చెప్పేది మెదడు, ఈ మందు కండ పట్టుని తగ్గిస్తుందే గానీ ఆ అలవాటుని మాన్పించదు. నొప్పి కండలో కాక దవడ కీలులో ఉంటే పెద్దగా ఉపయోగపడకపోవచ్చు. పళ్లు కొరకడం దీని అనుమతి పొందిన వాడకాల్లో లేదు, డాక్టరు తన విచక్షణతో వాడేదే. నమలడంలో నీరసం, నవ్వు ఒక పక్కకి పోవడం, బుగ్గలు లోపలికి పోవడం ఉండొచ్చు. మళ్లీ మళ్లీ చేయిస్తే దవడ ఎముక పలచబడుతుందేమోనన్న అనుమానమూ ఉంది. మయస్థీనియా లాంటి కండరాల జబ్బు ఉన్నవాళ్లకి వద్దు. ఖర్చు ఎన్ని యూనిట్లు పడితే అంత, చూడకుండా చెప్పలేను. బ్యూటీ పార్లర్లలో మాత్రం వేయించుకోకండి. చల్లగా నిల్వ ఉంచాల్సిన మందు, నరాలూ లాలాజల గ్రంథీ పక్కనే ఉండే చోటు.

నేనైతే ముందు డెంటిస్టు దగ్గర మీ పళ్ల అచ్చుతో నైట్ గార్డ్, అంటే పడుకునేటప్పుడు పళ్లకి పెట్టుకునే తొడుగు, చేయించమంటాను. పళ్లు అరిగిపోకుండా కాపాడేది అదే. పగలు పెదాలు కలిసి, పళ్లు మాత్రం విడిగా ఉండేట్టు చూసుకోండి. రాత్రి డ్యూటీలో టీలు తగ్గించండి. నిద్రకో, దిగులుకో మందులు వాడుతుంటే ఆ పేర్లూ చెప్పండి, కొన్నిటి వల్ల పళ్లు కొరకడం మొదలవుతుంది. గుట్కా, వక్కపొడి అలవాటుంటే మూడు వేళ్లు నిలువుగా నోట్లోకి వెళ్తున్నాయో లేదో చూసుకోండి. వెళ్లకపోతే అది వేరే జబ్బు, దానికి ఈ ఇంజెక్షన్ పనిచేయదు, వెంటనే చూపించుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బిళ్లల స్ట్రిప్పు, బీపీ మందు, మీ ఆవిడని వెంట తీసుకెళ్లండి. గురక మధ్యలో మీకు ఊపిరి ఆగినట్టు అవుతోందా, ఉలిక్కిపడి లేస్తున్నారా అన్నది చెప్పగలిగింది ఆవిడే. అవునంటే స్లీప్ టెస్టు కూడా రాస్తారు.