రెండో కొవ్వొత్తి వెలిగించే ముందు: ఆగమన కాలంపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా సంఘంలో అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం)లో వారానికొక కొవ్వొత్తి చొప్పున అదనంగా వెలిగిస్తారు, రెండో ఆదివారం సమాధానపు (శాంతి) కొవ్వొత్తి. ఈ ఏడాది ఇంట్లో కూడా నాలుగు కొవ్వొత్తులు పెట్టుకోవాలని ఉంది. ఊదారంగువి మా ఊళ్ళో దొరకడం లేదు. - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తెల్లవి పెట్టుకోండి. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిష్ విషెర్న్ తన ఆశ్రమంలోని పిల్లల కోసం బండి చక్రం మీద పెట్టించినప్పుడు కూడా ఆదివారాలకు తెల్లవే, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. అసలు చూసుకోవాల్సింది మందం. రోజూ సాయంత్రం 15 నిమిషాలు వెలిగిస్తే మొదటి కొవ్వొత్తి 28 రోజులకు 7 గంటలు కాలాలి, రెండోది 5 గంటల పైచిలుకు. కరెంటు పోయినప్పుడు వాడే సన్నవి అంతకాలం నిలవవు. మొదటిది మిగతావాటికన్నా పొట్టిగా అయిపోతుంది, దాన్ని మార్చకండి.

స్టీలు పళ్ళెంలో రెండు అంగుళాల ఇసుక పోసి కొవ్వొత్తులు గుచ్చండి. సరుగుడు కొమ్మలు చూడ్డానికి బాగుంటాయి కానీ ఎండితే ఇట్టే అంటుకుంటాయి. మామిడాకులు పళ్ళెం బయట పేర్చి, వాడిపోగానే మార్చడం మేలు. ఫ్యాన్ ఆపండి.

రెండో వారంలో బైబిల్లోని యెషయా 11:1-10, యెషయా 40:1-11, 85వ కీర్తన, లూకా 1:68-79 ఒక్కో సాయంత్రం ఒకటి చదువుకోవచ్చు. ఆ పావుగంట సరిపోతుంది.

ప్రశ్న: పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగి మా అన్నయ్యతో మాటలు లేవు. డిసెంబరు 24 రాత్రి ఆరాధన అయ్యాక వాళ్ళింటికి వెళ్దామనుకుంటున్నాను. - ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: ఆ రాత్రి వద్దు. ఇంటినిండా చుట్టాలు, అందరికీ నిద్రమత్తు. పండగపూట కాదనలేక మీ అన్నయ్య సరే అంటారు, సంక్రాంతికల్లా మళ్ళీ మొదటికొస్తుంది. అడ్వెంట్ మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది. ఆ వారంలోనే వెళ్ళండి. తర్వాత కేరల్స్, సెమీ క్రిస్మస్‌లు మొదలైతే ఎవరికీ ఒక్క సాయంత్రం ఖాళీ ఉండదు. సమాధానం గురించి ప్రసంగాలు వినే నెలలోనే దానికి తీరిక లేకుండా చేసుకుంటున్నాం మనం!

ముందు ఒక కాగితం మీద మీరు అన్న మాటలు, చేసిన పనులు మాత్రమే రాయండి. ఆయన చేసినవి రాయడం మొదలైందంటే కాగితం చించేసి మళ్ళీ మొదలుపెట్టండి. తర్వాత ఒక్కరే వెళ్ళండి. పెద్దమనుషుల్ని వెంటబెట్టుకెళ్తే అది పంచాయితీ అవుతుంది. "అన్నయ్యా, ఆ రోజు నలుగురిలో నిన్ను ఆ మాట అన్నాను. అది తప్పు. క్షమించు" అంటే చాలు. "నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే" అనొద్దు, జరిగిందో లేదో ఆయన్నే తేల్చమన్నట్టు ఉంటుంది. "నిన్ను క్షమించేశాను" అని అసలే అనొద్దు, అది నేరం మోపడమే.

గట్టు సంగతి ఆ పూట ఎత్తకండి. ఆయనే ఎత్తితే, పండగయ్యాక సర్వేయర్‌ని పిలిచి ఇద్దరం దగ్గరుండి కొలిపిద్దామని చెప్పండి. మత్తయి 5:23-24 అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమంటోంది. ఆస్తి వదులుకోమని అందులో లేదు. ఆయన తలుపు తీయకపోతే మళ్ళీ మళ్ళీ తట్టకుండా వచ్చేయండి. రోమా 12:18లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అనే ఉంది. కలిసినా కలవకపోయినా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

ప్రశ్న: కొడుతున్నాడని పుట్టింటికి వచ్చేశాను. క్రిస్మస్ లోపు భర్తతో సమాధానపడమని సంఘ పెద్దలు ఒత్తిడి చేస్తున్నారు. - పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: పైన చెప్పినదేదీ మీకు వర్తించదు. ఒంటరిగా వెళ్ళకండి, క్రిస్మస్‌ని గడువుగా ఒప్పుకోకండి. మాట్లాడాల్సి వస్తే పుట్టింటివాళ్ళ సమక్షంలో, మీరు చెప్పిన చోట. పాస్టరుగారు ముందు అడగాల్సింది కొట్టినవాణ్ణి. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.