పాఠకుల ప్రశ్నలు: కారు బ్యాటరీ కొనేముందు, ఛార్జింగ్‌కు పెట్టేముందు

ప్రశ్న: నాలుగేళ్ల పెట్రోల్ కారు. పొద్దున సెల్ఫ్ కొడితే టకటకమని ఆగిపోతోంది. పాతది 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం). షాపువాళ్లు 45 వేయించుకోండి, 60 నెలల వారంటీ ఉంది అంటున్నారు. వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు తప్పు బ్యాటరీదేనా అని తేల్చుకోండి. రాత్రంతా ఆగి ఉన్న కారుకు పొద్దున మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) పెడితే 12.6 వోల్టులు ఉండాలి. 12.2 అంటే సగమే ఉంది. 10.5 దగ్గర ఆగిందంటే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టే, ఇక ఛార్జింగ్‌తో పని లేదు. ఫుల్ ఛార్జ్ మీద కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ అయిపోయిందనే అర్థం. బండి స్టార్టయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అప్పుడూ 12 చిల్లరలోనే ఉంటే డైనమో ఛార్జ్ చేయడం లేదు. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది.

మార్చక తప్పదంటే పాతదాని మీద నంబరు చదవండి. ఉదాహరణకు 38బి20ఎల్. ముందున్న 38 శక్తిని చెప్పేది. ‘బి’ వెడల్పు, ఎత్తుల తరగతి. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. టెర్మినళ్ల వైపు మీకు దగ్గరగా పెట్టుకుంటే ‘ఎల్’లో పాజిటివ్ కుడిచేతి వైపు వస్తుంది, ‘ఆర్’లో ఎడమకు. ఈ ఒక్క అక్షరం మారితే కేబుల్ అందదు. లాగి బిగిస్తే ఎక్కడో ఒకచోట రాపిడి మొదలవుతుంది. డిన్ (జర్మన్ ప్రమాణం) రకం బ్యాటరీలకు టెర్మినళ్లు లావు, బి20 వాటికి సన్నం. సన్నటి టెర్మినల్‌కు రేకు ముక్క చుట్టి లావు క్లాంపు బిగించే పని ఒప్పుకోవద్దు.

45 ఏహెచ్ వల్ల డైనమోకు చేటేమీ లేదు. చిక్కంతా బ్యాటరీ కూర్చునే ట్రేతోనే. సైజు పెరిగి పట్టీ బిగుసుకోకపోతే గతుకుల్లో బ్యాటరీ ఊగి, లోపల పలకల మీది పూత రాలిపోతుంది. అదే సైజులో దొరికితే తీసుకోండి, లేదంటే 35 చాలు. ఇంజన్ స్టార్ట్–స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట ఆగి మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న కారుకు మాత్రం కంపెనీ ఇచ్చిన ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకాన్నే వేయాలి. మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునేలా చేసిన బ్యాటరీలవి.

వారంటీ కంటే తయారీ తేదీ ముఖ్యం. తిరుపతి పక్క కరకంబాడిలో తయారైనా, హోసూరులో తయారైనా, అరలో కూర్చున్నన్ని రోజులూ బ్యాటరీ దానంతటదే దిగిపోతుంటుంది. మూడు నెలలు దాటినది వద్దనండి. షాపులోనే మీటర్ పెట్టించి 12.5 లోపుంటే ఇంకోటి తెమ్మనండి. ఇక 60 నెలల్లో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో కార్డు మీద చూడండి. మిగతా కాలానికి ఇచ్చేది కొత్త బ్యాటరీ ధరలో తగ్గింపు మాత్రమే.

ప్రశ్న: కారు బ్యాటరీని ఇంటి ఇన్వర్టర్‌కు తగిలించి ఛార్జ్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలామంది చేసే పనే, కానీ వద్దు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కోసం చేసిన ఇన్వర్టర్ 10–15 ఆంపియర్లు పంపుతుంది. కారు బ్యాటరీకి దాని ఏహెచ్‌లో పదోవంతు చాలు, అంటే 35కి మూడున్నర ఆంపియర్లు. అంతకు నాలుగింతలు తోస్తే నీరు మరిగి ఆవిరైపోతుంది, డబ్బా ఉబ్బుతుంది. మూతలు లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలో మళ్లీ నీళ్లు పోసే దారి కూడా ఉండదు.

14.4 వోల్టుల దగ్గర తనంతట తగ్గిపోయే ఆటోమేటిక్ ఛార్జర్ కొనుక్కోండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతుంటే పానా బాడీకి తగిలి భగ్గున నిప్పురవ్వలు లేస్తాయి. ఛార్జర్ క్లిప్పులు పెట్టాకే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపాకే క్లిప్పులు తీయాలి. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి వంటగదిలోనో, దేవుడి గదిలో దీపం పక్కనో పెట్టకండి. సగం దిగిన 35 ఏహెచ్ నిండడానికి లెక్క ప్రకారం ఐదు గంటలు. కానీ చివరి భాగం నెమ్మదిగా ఎక్కుతుంది, ఏడెనిమిది గంటలు వదిలేయండి. తీశాక రెండు గంటలాగి మీటర్ పెట్టండి. వెంటనే చూస్తే కనిపించేది పైపై వోల్టేజీ.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలు వెళ్తున్నాం. వారానికోసారి స్టార్ట్ చేయమని వాచ్‌మన్‌కు చెబితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపేస్తే బ్యాటరీ పెద్దగా నిండదు. తాళం వేసిన కారు కూడా అలారానికి, గడియారానికి కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అది 50 మిల్లీఆంపియర్లనుకుంటే రోజుకు 1.2 ఏహెచ్. రెండు వారాలకు 35లో దాదాపు సగం పోతుంది. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా ఎక్కదు.

ఫుల్ ఛార్జ్ చేసి నెగెటివ్ విప్పి, కేబుల్‌కు గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. చాలా కార్లకు 10 నంబర్ పానా సరిపోతుంది. మన ఎండల్లో తీసి ఉంచినా కొంత దిగుతుంది కాబట్టి రెండు నెలలకోసారి ఎవరితోనైనా ఛార్జ్ పెట్టించండి. విప్పాక రిమోట్ పనిచేయదు. తాళంచెవితో డ్రైవర్ తలుపు తెరుచుకుంటోందో లేదో వెళ్లేముందే ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటోంది. గ్రీజు రాయాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: క్లాంపులు విప్పి, వంట సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. ఆ నీళ్లు సెల్లులోకి పోకూడదు. ఆరాక బిగించి, ఆ తర్వాతే పైన వాజ్‌లైన్ రాయండి. బిగించకముందే రాస్తే కాంటాక్ట్ దెబ్బతింటుంది.