అడక్కుండా హార్డ్ డిస్క్ మూత విప్పేశారు.. షాపు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: తణుకులో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. రెండు పెళ్లిళ్ల ఫొటోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని శబ్దం చేస్తూ ఆగిపోయింది. వారంటీ ఇంకా ఉంది. డేటా తీసిస్తామంటే ఒక కంప్యూటర్ షాపులో ఇచ్చాను. రాత్రంతా ఏదో సాఫ్ట్‌వేర్ నడిపారట. రాకపోయేసరికి నన్ను అడక్కుండానే మూత విప్పారు. ఇప్పుడు రూ.6 వేలు కడితేనే డిస్క్ ఇస్తామంటున్నారు. సీలు తీశారు కాబట్టి వారంటీ చెల్లదని కంపెనీ అంటోంది. పెళ్లివారేమో డబ్బు వెనక్కి ఇమ్మంటున్నారు. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: కేసు సంగతి తర్వాత. ముందు ఆ డిస్క్‌కు ఎవరూ మళ్లీ కరెంటు పెట్టకుండా చూడండి. టిక్కుమనే శబ్దం వచ్చిందంటే చాలావరకు లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిన్నట్టే. అలాంటి డిస్క్‌ను తిప్పుతూ పోతే హెడ్ డేటా నిల్వ ఉండే లోపలి పళ్లేన్ని గీకేస్తుంది. గీక్కుపోయిన చోట ఉన్న డేటాను ఎవరూ తీయలేరు. ఇలాంటి వాటిని దుమ్ము లేని క్లీన్ రూమ్‌లో విప్పి, హెడ్ మార్చి, మొత్తం డేటాను ముందు వేరే డిస్క్‌లోకి కాపీ తీస్తారు. మామూలు షాపు బల్ల మీద విప్పే వస్తువు కాదది.

రిపేరు చేసినవాళ్లకు తమ కూలి అందేదాకా వస్తువును ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్‌లో ఉంది. అయితే అది ఒప్పుకున్న పని సరిగ్గా చేసినందుకు. మీకు చేసింది ఆ పనేనా అని గట్టిగానే వాదించవచ్చు. కానీ నన్నడిగితే రూ.6 వేల దగ్గర పంతానికి పోవద్దు. ‘ఈ మొత్తం నేను బాకీ లేను, డిస్క్ వెనక్కి తీసుకోవడానికి మాత్రమే అభ్యంతరంతో కడుతున్నాను’ అని ముందు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో కట్టండి. బిల్లు అడగండి. డిస్క్ చేతికిచ్చేటప్పుడే సీలు, స్క్రూలు, సీరియల్ నంబరు కనబడేలా ఫొటోలు తీసుకోండి. అక్కడి నుంచి నేరుగా క్లీన్ రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్‌కు పంపి, లోపలి పరిస్థితి మీద రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. డేటా వచ్చినా రాకపోయినా రేపు మీ కేసుకు ఆ కాగితమే ఆధారం.

కంపెనీతో పోరాటం మానుకోండి. వారంటీ డిస్క్‌కే గాని అందులోని డేటాకు కాదని వాళ్ల షరతుల్లో ముందే రాసి ఉంటుంది. గెలిచినా మీకొచ్చేది ఖాళీ డిస్క్.

మీ అసలు ప్రతివాది షాపే. నమ్మి అప్పగించిన వస్తువును తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం ఇది సేవాలోపం కూడా. ‘డేటాకు మాది బాధ్యత కాదు’ అని షాపువాళ్లిచ్చే జాబ్ కార్డు (రిపేరు రసీదు) మీద అచ్చు వేసి ఉంటుంది, దాన్ని చూపించి బెదిరిస్తారు. డేటా రాకపోవడం వేరు, అడక్కుండా మూత విప్పడం వేరు. మీ వాదన అంతా ఈ రెండో మాట మీదే నిలబడాలి. షాపుతో జరిగిన మెసేజ్‌లు, కాల్ రికార్డింగ్‌లు ఏవీ చెరపకండి.

ఒక చిక్కుంది. స్టూడియో అంటే వ్యాపారం, మీరు వినియోగదారు కాదని అవతలి లాయరు మొదటి రోజే అంటారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి చట్టంలో మినహాయింపు ఉంది. అయితే ఆ మినహాయింపులో కొన్న వస్తువుల మాటే ఉంది, సేవల మాట లేదు. అందుకే ఫిర్యాదు మొదటి పేరాలోనే ఇది మీ ఇంటిని నడిపే సొంత పని అని రాయించండి. వినియోగదారుల కమిషన్‌లో అది నిలవదని మీ లాయరుకు అనిపిస్తే, మూడేళ్లలోపు సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయవచ్చు. కమిషన్‌కైతే గడువు రెండేళ్లే. సేవకు మీరు చెల్లించింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు, మీ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో వినియోగదారుల ఫిర్యాదులకు ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా. ముందుగా షాపుకు లీగల్ నోటీసు ఇప్పించండి. చాలామంది నోటీసు దగ్గరే దిగివస్తారు. పరిహారం అడిగేటప్పుడు కోట్లు రాయొద్దు. ల్యాబ్ బిల్లు, పెళ్లివారికి తిరిగిచ్చిన మొత్తం, మీ మానసిక వేదన, ఖర్చులు ఇలా లెక్క చూపించగలిగినంతే అడగండి.

ఇక పెళ్లివారు. వాళ్లకు జవాబుదారీ మీరే, షాపు కాదు. షాపును చూపించి తప్పించుకుందామంటే మీ మీదే కమిషన్‌కు వెళ్తారు. డబ్బు వెనక్కి ఇచ్చేట్టయితే ‘ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు’ అని సంతకంతో కాగితం తీసుకోండి. దానికన్నా ముందు ఆ పెళ్లిళ్లకు వాడిన కెమెరా మెమరీ కార్డులు బయటకు తీయండి. వాటి మీద ఇంకా కొత్త ఫొటోలు తీయకుండా ఉంటే, ఫార్మాట్ చేసినవైనా సరే, ల్యాబ్‌వాళ్లు పాతవి తీయగలిగే అవకాశం ఉంది. ఆల్బం డిజైనర్‌కు పంపిన ఫైళ్లు, ఫొటోలు ఎంచుకోవడానికి పెళ్లివారికిచ్చిన పెన్ డ్రైవ్ కూడా ఈరోజే అడిగి తెప్పించుకోండి.